గుటకయ్య కూర్చున్న గోడ

ఒకప్పుడు మనుషులకి దగ్గు ఉండేది కాదు. తుమ్ము ఉండేది, ఎక్కిళ్ళు ఉండేవి, ఆవులింత సరేసరి. దగ్గు మాత్రం ఎవరికీ తెలియదు. దాని అవసరం ఎవరికీ రాలేదు.

ఎందుకంటే ఆ రోజుల్లో ఒంట్లో తెల్ల కావలివాళ్ళు ఒళ్ళు దాచుకోకుండా పనిచేసేవాళ్ళు. ఉడికిన సగ్గుబియ్యం గింజల్లా మెత్తగా, గుండ్రంగా ఉండేవాళ్ళు. చూపు అంతంతమాత్రం. కానీ చేతులు మాత్రం ఒంట్లో ఎక్కడ కావాలంటే అక్కడ పుట్టుకొచ్చేవి. పని అయిపోగానే లోపలికి వెళ్ళిపోయేవి.

వాళ్ళకో ఆనవాయితీ ఉండేది. మనిషి నిద్రలేచే వేళకి కావలివాళ్ళంతా వరసగా నిలబడి, గోడ ఈ చివరి నుంచి ఆ చివరిదాకా తడుముకుంటూ నడిచేవాళ్ళు. దానికి తడుముడు అని పేరు. చేతికి తగిలింది మనదైతే వదిలేసేవాళ్ళు. పరాయి క్రిమి అయితే, అది ఎగురుతున్నా సరే, పడుకున్నా సరే, చచ్చినట్టు నటిస్తున్నా సరే, గుటుక్కుమనిపించేవాళ్ళు. క్రిములకి ఏం చెయ్యాలో పాలుపోయేది కాదు.

అలాంటి మంచి రోజుల్ని పాడుచేసిన ఘనుడు కావలివాళ్ళలోనే ఒకడున్నాడు. వాడి పేరు గుటకయ్య.

గుటకయ్య కాపురం కొత్తగెడ్డ అనే ఊళ్ళో సన్నాయి అప్పలకొండ గుండెల్లో. గుండెల్లో అంటే ఊపిరితిత్తుల్లో. అప్పలకొండ ఊపిరి మామూలు ఊపిరి కాదు. ఏటా అసిరితల్లి జాతరకి ఘటం ఎత్తినప్పుడు ముందు నడిచి సన్నాయి ఊదేవాడు. ఆ ఊళ్ళో కట్టడి ఏమిటంటే, సన్నాయి గుక్క తెగకుండా సాగినంత సేపే ఘటం నడవాలి. గుక్క తెగితే ఘటం ఆగిపోవాలి. అప్పలకొండ సన్నాయి పీక నోట్లో పెట్టుకుంటే, అమ్మవారి గుడి మొదలు ఊరవతలి గెడ్డ వాగు దాకా ఘటం ఎక్కడా ఆగేది కాదు. పక్కన డోలు సింహాద్రి చేతులు నొప్పెట్టి ఇతన్ని తిట్టుకునేవాడు.

ఆ సన్నాయి మోగుతున్నప్పుడల్లా లోపల గుటకయ్య ఉబ్బిపోయేవాడు. ఊదేది అప్పలకొండే అయినా, ఊదిస్తున్నది తనే అని వాడి గట్టి నమ్మకం.

ఒక జాతరనాడు దుమ్ముతో పాటు ఓ తోక క్రిమి లోపలికి వచ్చింది. దాని తోక గిర్రున తిరుగుతోంది. ఆ తోక ఊపుకి అది ఇటు ఈది, అటు ఈది, చూసుకోకుండా వచ్చి గుటకయ్య పొట్టకి ఢీకొంది. తోక ఛెళ్ళున తగిలింది. గుటకయ్య ఉలిక్కిపడి నోరు తెరిచాడు. క్రిమి లోపలికి పోయింది.

నిజానికి అంతే జరిగింది. కానీ ఆ సమయానికి ఎర్ర మోతగాళ్ళు ఊపిరి మూటలు నెత్తిన పెట్టుకుని అటుగా వెళ్తున్నారు. వాళ్ళు ఆగి చూసి, "శబాష్! ఏటి మింగుడు! ఏటి మింగుడు!" అని ఈలలు వేశారు.

ఆ ఈలలే కొంప ముంచాయి.

మర్నాడు తడుముడులో నిలబడ్డ గుటకయ్యకి పని రుచించలేదు. మూల మూలా తడమాలి. చేతులన్నీ జిగురు జిగురు. మూల పడుకున్న ఓ క్రిమిని పట్టి మింగాడు. ఎవరూ ఈల వెయ్యలేదు. ఎవరూ చూడనైనా చూడలేదు. వాడికి తల కొట్టేసినట్టయింది. ఇంతటి వీరుడు గోడలు తడుముకుంటూ బతకడమా!

వెంటనే కావలివాళ్ళ సభ పెట్టించాడు. ఊపిరి గొట్టం రెండు పాయలుగా చీలే చోట అందరూ కూడారు. గుటకయ్య కాస్త ఎత్తైన చోటు చూసుకుని నిలబడ్డాడు.

"అన్నలారా! తమ్ములారా! మనవేటి, మన బతుకేటి? పుట్టింది మింగడానికి. సేస్తన్నదేటి? గోడలు తుడవడం! నాను ఒకటి సెప్తాను ఇనండి. దొంగ అనేవోడు పరిగెడతాడు. కదిలితే దొంగ, కదలకపోతే గోడ. గోడని తడమడం ఎందుకేటి?"

సభలో కాసేపు గుసగుసలు నడిచాయి. ఎర్ర మోతగాళ్ళ పెద్ద ఎర్రప్పడు మూట దించి, ఊపిరి పీల్చుకోవడానికి అక్కడే ఆగి ఉన్నాడు. వాడికి మనసులో మాట దాచుకోవడం చేతకాదు.

"మరి దొంగ కదలకుండా కూకుంటేనో?" అన్నాడు.

"కదలకుండా కూకున్నోడు దొంగెలా అవుతాడ్రా? ఆడు మరియాదస్తుడు!" అన్నాడు గుటకయ్య.

సభంతా విరగబడి నవ్వింది. ఎర్రప్పడి మొహం మరింత ఎర్రబడింది. మూట ఎత్తుకుని పోయాడు. అసలు సంగతేమిటంటే, జిగురు చేతులంటే అక్కడ అందరికీ వెగటే. కాకపోతే ముందు అనే ధైర్యం లేక ఊరుకున్నారు. ఇప్పుడు ఒకడు అన్నాడు కాబట్టి అందరూ తలలూపారు. తడుముడు రద్దయిపోయింది. గుటకయ్యకి శాలువా కప్పారు.

ఆ తర్వాత మజాగానే గడిచింది. తోక క్రిమి కనబడితే చాలు, కావలివాళ్ళు కేకలు పెడుతూ వెంటపడేవాళ్ళు. ఎర్ర మోతగాళ్ళు ఈలలు వేసేవాళ్ళు. మింగినవాడు నోరు తుడుచుకుని అందరికీ దండాలు పెట్టేవాడు.

కానీ వాడనిది ఏదైనా మొద్దుబారుతుంది కదా. తడమడం మానేశాక వాళ్ళ చేతులకి స్పర్శ తగ్గిపోయింది. నోళ్ళ సంగతి ఇంకా ఘోరం. తోక వచ్చి ఛెళ్ళున తగిలితే తప్ప తెరుచుకోవడం మానేశాయి. ఈ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ఊరేగింపుల్లో ఉన్నవాళ్ళకి ఇలాంటివి పట్టవు.

ఊపిరితిత్తుల అడుగున, గాలి అంతగా ఆడని ఓ మూల, జిగురమ్మ అనే ముసలి క్రిమి ఉండేది. వయసులో ఉన్నప్పుడు దానికీ తోక ఉండేది. అయితే జిగురమ్మ పుట్టు బద్ధకస్తురాలు. తోక తిప్పితే నడుం నొప్పి అని తిప్పడం మానేసింది. వాడక వాడక ఆ తోక రాలిపోయింది. ఒంట్లోంచి కారే జిగురునే దుప్పటిలా కప్పుకుని, ఉన్నచోటే ఉండిపోయింది. మిగతా క్రిములు దాన్ని చూసి నవ్వేవి.

ఓ రోజు గుటకయ్య వేటాడి వేటాడి అలిసిపోయి ఆ మూలకి వచ్చాడు. మెత్తగా, ఎత్తుగా ఏదో తగిలింది. కదలడం లేదు. కదలనిది గోడే కదా. హమ్మయ్య అనుకుని జిగురమ్మ మీద కూర్చున్నాడు.

జిగురమ్మకి పై ప్రాణాలు పైనే పోయాయి. కదిలితే చచ్చానే అనుకుని బిగుసుకుపోయింది. గుటకయ్య ఆమె మీద వెనక్కి వాలి, కాళ్ళు చాపుకుని, తనలో తనే గొప్పలు కోసుకోవడం మొదలుపెట్టాడు. పొద్దున ఎవర్ని మింగాడో, ఎలా మింగాడో చెప్పుకున్నాడు. తోక తగలందే ఈమధ్య నోరు తెరుచుకోవడం లేదన్న సంగతి కూడా వాగేశాడు. వాగాక ఓ కునుకు తీసి లేచి వెళ్ళిపోయాడు.

మర్నాడూ వచ్చాడు. ఆ తర్వాతా వచ్చాడు. ఆ మెత్తని గోడ అంటే వాడికి మహా ఇష్టం ఏర్పడింది. వేరే ఎవరైనా కూర్చోబోతే కసిరేవాడు.

జిగురమ్మకి మేనల్లుడు ఒకడుండేవాడు. పేరు గిర్రన్న. తోక చూసుకుని మురిసిపోయే రకం. వాడు అత్తని చూడ్డానికి వచ్చాడు.

"ఏటత్తా ఈ బతుకు? తోక నేదు, ఈత నేదు. ఆ తెల్లోడు కుర్సీలాగ నీమీద కూకుంటే నీకు సిగ్గెయ్యదా?"

"సిగ్గేటిరా సన్నాసీ, బతికున్నాను సూడు. నా మాటిని ఆ తోక ఒగ్గేయ్. ఆళ్ళు తోకనే మింగుతారు. తోక నేనోడిని మింగడం మరిసిపోనారు."

"తోక ఒగ్గేసి బతకమంటావా! ఎవులైనా ఇంటే నవ్విపోతారు," అని గిర్రన్న పకపకా నవ్వాడు. నవ్వి, అత్తకి తన సత్తా చూపిస్తానని తోక గిరగిరా తిప్పుకుంటూ నడిమధ్యకి ఈదాడు.

అటే వస్తున్న గుటకయ్యకి తోక వచ్చి ఛెళ్ళున తగిలింది. నోరు తెరుచుకుంది. గిర్రన్న నవ్వు సగంలోనే ఆగిపోయింది.

గుటకయ్య తేన్చి, వచ్చి జిగురమ్మ మీద కూర్చుని, ఆమె దుప్పటికే మూతి తుడుచుకున్నాడు. గిర్రన్న ఆమె చేతులారా పెంచిన పిల్లాడు. అయినా జిగురమ్మ ఏడవలేదు. ఏడిస్తే ఒళ్ళు కదులుతుంది. ఆ ఏడుపంతా దిగమింగుకుని గోడలాగే ఉండిపోయింది. అప్పటిదాకా ఆమెది బద్ధకం. ఆ క్షణం నుంచి పంతం.

వాడు వెళ్ళిపోయాక జిగురమ్మ తన వాళ్ళందర్నీ చేరదీసింది. గిర్రన్న పోవడం చూసినవాళ్ళు కాబట్టి ఈసారి ఎవరూ నవ్వలేదు. ఒక్కొక్కరూ తోకలు వదిలేశారు. పక్కపక్కనే ఒదిగి కూర్చుని, అందరూ కలిసి ఒకటే జిగురు దుప్పటి కప్పుకున్నారు. అక్కడే పిల్లల్ని కన్నారు. ఆ పిల్లలు పుట్టీ పుట్టగానే కూర్చోవడం నేర్చుకున్నారు.

పైన మాత్రం పండగ వాతావరణం. తోక క్రిమి అన్నది కనబడ్డం లేదు. కావలివాళ్ళు మళ్ళీ సభ పెట్టుకున్నారు. "మన ఏలుబడిలో దొంగన్నవాడు లేకుండా పోయాడు" అని చాటింపు వేయించారు. ఒకరికొకరు శాలువాలు కప్పుకున్నారు. గుటకయ్యకి కప్పిన శాలువాలు మొయ్యడానికి వేరే మనిషిని పెట్టాల్సొచ్చింది.

ఎర్రప్పడు వచ్చి మూట గుటకయ్య ముందు పడేశాడు.

"బాబూ, ఒకపాలి ఇది సూడండి. మూటలో ఊపిరి సగమే ఉన్నాది. ఊపిరి నింపుకునే కింద గదుల్లోకి ఎల్దామంటే గుమ్మాలు తెరుసుకోడం నేదు. ఏటో బంకగా అడ్డం పడిపోనాది."

"నీకు ఒళ్ళొంగక సాకులు సెప్తన్నావు. దొంగలే నేనప్పుడు అడ్డమెవులు పడతారు?" అని గుటకయ్య గదమాయించాడు. కానీ ఆ మాటంటున్నప్పుడు వాడికీ కాస్త ఆయాసం వచ్చింది. శాలువాల బరువు అనుకున్నాడు.

జాతర వచ్చింది. అసిరితల్లి ఘటం లేచింది. అప్పలకొండ కొత్త పంచె కట్టి, పీక తడిపి, సన్నాయి ఎత్తాడు. సింహాద్రి డోలు అందుకున్నాడు. మొదటి గుక్క మొదలైంది.

గుడి మలుపు తిరక్కుండానే సన్నాయి కీచుమంది. ఆగిపోయింది. ఘటం ఆగింది. జనం నోళ్ళు వెళ్ళబెట్టారు. అప్పలకొండ మొహం నల్లబడింది. మళ్ళీ ఊదాడు. పీకలోంచి గాలి బుస్సుమని వచ్చింది కానీ పాట రాలేదు. పుట్టి బుద్ధెరిగాక ఆ చేతుల్లో సన్నాయి మూగబోవడం ఎవరూ చూడలేదు. అతను నిలబడ్డచోటే కూలబడ్డాడు.

"ఓరి నాయినో, ఊపిరి తియ్యరా కొండా! తియ్యరా!" అని సింహాద్రి డోలు అవతల పారేసి అతన్ని ఒళ్ళోకి తీసుకున్నాడు.

లోపల చీకటి కమ్ముతోంది. ఎర్ర మోతగాళ్ళు ఖాళీ మూటలతో తూలుతున్నారు. గుటకయ్యకి ఈసారి నిజంగా భయం వేసింది. అప్పలకొండ ఊపిరి ఆగితే ఇంకేముంది, తనూ లేడు, తన శాలువాలూ లేవు. "దొంగ! దొంగ!" అని అరుస్తూ ఈ మూల నుంచి ఆ మూలకి పరిగెత్తాడు. కదిలేది ఏదైనా కనబడుతుందేమోనని వెతికాడు. ఆ మూలల్లో కదులుతున్నవాడు తనొక్కడే.

ఎప్పుడూ కూర్చునే మెత్తని గోడ మీద కూలబడి, భోరున ఏడ్చాడు.

"ఎవులు? ఎవులు మా ఊపిరి తింటన్నది?"

"నానేరా," అంది గోడ.

గుటకయ్య ఎగిరి అవతల పడ్డాడు.

"ఇన్నాళ్ళూ నా మీదే కూకున్నావు. నా దుప్పటికే మూతి తుడుసుకున్నావు. నీ గొప్పలన్నీ నాకే సెప్పినావు. గేపకం నేదా?" అంది జిగురమ్మ. ఆమె వెనక ఆమె పిల్లలు, మనవలు, మునిమనవలు గదులన్నీ నింపేసి బుద్ధిమంతుల్లా కూర్చుని ఉన్నారు.

గుటకయ్య ఆమె మీద పడ్డాడు. మింగుదామని చూశాడు. నోరు తెరుచుకోలేదు. పెదాలు రెండు చేతులతో పట్టి లాగాడు. తెరుచుకోలేదు. జిగురమ్మకి ఆనించి రుద్దాడు. ఆనవాలే పట్టలేదు ఆ నోరు. తగలాల్సిన తోక తగలందే!

మహావీరుడు ఆఖరికి బతిమాలుకోవడం మొదలెట్టాడు. "అమ్మా, తల్లీ, ఒక్కపాలి కదులు. రవ్వంత కదిలితే సాలు. నీకు పున్యముంటాది."

"నానెందుకు కదుల్తానురా?" అంది జిగురమ్మ. "కదలనిది గోడని అన్నది నువ్వే కదా. గోడలు కదుల్తాయేటి?"

 గుటకయ్య నోటిదురుసుతో చేసిన చట్టం వాడి నోటికే అడ్డం పడింది. తిరిగి చూస్తే ఎర్రప్పడు గోడకి చేరబడి, ఆయాసంతో రొప్పుతూ తనకేసే చూస్తున్నాడు. గుటకయ్య వాడి దగ్గరికి వెళ్ళాడు. శాలువాలు తీసి కింద పడేశాడు.

"నువ్వు అడిగినావు. నాను నవ్వినాను. తప్పైపోనాది," అన్నాడు. "ఇప్పుడేటి సెయ్యాలి, సెప్పు."

"అదెలాగూ కదలదు," అన్నాడు ఎర్రప్పడు. "గోడనే కదపాలి."

ఇద్దరూ పోయి ఛాతీని పిలిచారు. ఛాతీ విసుక్కుంది. "నా పని గాలి పీల్చడం, వదలడం. దొంగల సంగతి నాకెందుకు? శాలువాలు కప్పించుకున్నోల్లు ఏటి సేస్తన్నారు?"

"మావల్ల కానేదు," అన్నాడు గుటకయ్య అందరి ముందూ. ఆ మాట వాడి నోట రావడం అదే మొదలు. "మా నోళ్ళు పడిపోనాయి. ఆల్లు కదిల్తే తప్ప మింగలేము. ఆల్లు కదలరు. నువ్వు కదులు."

ఛాతీ పళ్ళబిగువున గాలి బిగబట్టింది. పక్కటెముకలు దగ్గరికి వచ్చాయి. ఒక్కసారిగా వదిలింది.

ఖళ్!

లోకంలో మొదటి దగ్గు అదే.

గోడలు అదిరాయి. మళ్ళీ ఖళ్! జిగురు దుప్పటి పర్రుమని చిరిగింది. అంచుల్లో కూర్చున్నవాళ్ళు జిగురుతో సహా గాల్లోకి లేచి నోట్లోంచి బయటికి పోయారు. ఇంకొందరు ఎగిరెగిరి పడి కావలివాళ్ళకి ఛెళ్ళు ఛెళ్ళున తగిలారు. దెబ్బ తగలగానే నోళ్ళు తెరుచుకున్నాయి. కావలివాళ్ళు దొరికినవాణ్ణి దొరికినట్టు మింగారు. గదుల గుమ్మాలు కొన్ని తెరుచుకున్నాయి. ఎర్ర మోతగాళ్ళు పడుతూ లేస్తూ మూటలు నింపుకున్నారు.

సింహాద్రి ఒళ్ళో అప్పలకొండ కళ్ళు తెరిచాడు. "ఏటి ఆ సప్పుడు? పిడుగేటైనా పడిందా?" అనడిగాడు. అది అతని చప్పుడే అని సింహాద్రి చెప్పలేకపోయాడు. తిరిగి ఊపిరి తీశాడన్న సంతోషంతో ఏడుస్తున్నాడు.

జిగురమ్మ మాత్రం పోలేదు. అడుగున, గట్టిగా అంటుకుని, తన మూల తను కూర్చునే ఉంది. కాస్త దుప్పటి చిరిగింది. దాన్ని కుట్టుకోవడం మొదలుపెట్టింది.

గుటకయ్య మళ్ళీ సభ పిలిచాడు. ఈసారి ఎత్తైన చోటు వెతుక్కోలేదు. నేలమీదే నిలబడ్డాడు. "తడుముడు మల్లీ మొదలెడదాం. మూల మూలా తడుముదాం. కొన్నాల్లు పడితే చేతులకి స్పర్శ వస్తాది. నోళ్ళు కూడా నేర్చుకుంటాయి," అన్నాడు.

 వెనక నుంచి ఒకడన్నాడు. "చేతులకి జిగురు అంటుకుంటాది కదా?"

"అవునవును," అన్నారు అందరూ. "దగ్గు ఉన్నాది కదా. అదే సూసుకుంటాది."

గుటకయ్య ఏదో అనబోయాడు. కానీ కదలకపోతే గోడే కదా అని వాడి పాత మాటల్నే వాడికి అప్పజెప్పారు. వాడికే కప్పిన పాత శాలువా తెచ్చి మళ్ళీ కప్పారు. సభ ముగిసింది. గుటకయ్య ఒక్కడే ఆ మూలకి పోయి, చేతులు చాచి, గోడంతా తడమడం మొదలుపెట్టాడు. చేతికి ఏదీ తెలియలేదు. ఏది గోడో, ఏది జిగురమ్మో ఆ చేతులు చెప్పలేకపోయాయి.

ఆ మరుసటి జాతరకి అప్పలకొండ మళ్ళీ సన్నాయి ఎత్తాడు. కొంత దూరం ఊదాడు, ఆగి ఖళ్ళుమన్నాడు. ఘటం ఆగింది. అతను తేరుకునేదాకా సింహాద్రి డోలు గట్టిగా వాయిస్తూ ఆ చప్పుడు కప్పేశాడు. మళ్ళీ సన్నాయి లేచింది, ఘటం నడిచింది. గెడ్డకి చేరేసరికి పొద్దు వాలింది.  పాత పాట విన్నవాళ్ళు పైపంచెతో కళ్ళు తుడుచుకున్నారు.

అప్పటినుంచే తోక తిప్పుకుంటూ ఈదే క్రిములు కావలివాళ్ళ నోట ఇట్టే పడిపోతున్నాయి. అప్పటినుంచే తెలివిగల క్రిములు ఛాతీలో కాపురం పెట్టాలంటే ముందు తోక వదిలేసి, జిగురు కప్పుకుని, కదలకుండా కూర్చుంటున్నాయి. వాటిని కదపడానికే మనకి దగ్గు వస్తోంది, వచ్చిన దగ్గు ఒక పట్టాన పోవడం లేదు. గుటకయ్య మనవలు మాత్రం ఈనాటికీ దొంగల కోసం ఒళ్ళంతా పరుగులు పెట్టి, అలసట తీర్చుకోవడానికి జిగురమ్మ మనవల మీదే కూర్చుంటున్నారు.